వృక్షజన్య అధిశోషకాలు

ఆకులు, బెరడు, పొట్టు, టెంకలు వంటి వృక్ష వ్యర్థాలను పొడిగానో బొగ్గుగానో మార్చి, నీటిలో కరిగివున్న లోహాలను, రంగులను తొలగించడానికి వాడే చౌక పదార్థాలను వృక్షజన్య అధిశోషకాలు అంటారు. ద్రవం ఘనపదార్థం లోపలికి ఇంకడం శోషణం కాగా, అణువులు, అయాన్లు దాని ఉపరితలానికి అంటుకొని నిలవడం అధిశోషణం.

చెట్ల గింజలతో నీటిని తేర్చే ఆచారం ప్రాచీనమైనది. సుశ్రుత సంహితలో కతకం పేరుతో కనిపించే చిల్లగింజ తూర్పు కనుమల ఆకురాల్చు అడవులలో దొరుకుతుంది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఫలసాయంలో ఇదీ ఒకటి. కుండ లోపలి గోడకు ఈ గింజను అరగదీసి నీరు పోస్తే, బురద రేణువులు ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి అడుగుకు దిగుతాయి. దీనిని స్కందనం అంటారు. ఇది అధిశోషణానికి భిన్నమైన ప్రక్రియ.

అధిశోషణం విషయానికొస్తే, ద్రావణాల రంగును బొగ్గు విరుస్తుందని 1785లో రష్యాలో రసాయన శాస్త్రవేత్త లోవిట్జ్ గుర్తించాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కొబ్బరి చిప్పల నుంచి తీసిన ఉత్తేజిత బొగ్గును విషవాయు ముసుగులలో వాడారు. ఉత్తేజిత బొగ్గు తయారీకి అధిక ఉష్ణోగ్రత, ఖర్చు అవసరం కావడంతో, పరిశోధకుల దృష్టి ముడి వృక్ష వ్యర్థాల మీదికి మళ్లింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన ఇంజనీరింగ్ పరిశోధకులు టేకు ఆకుల పొడితో రాగి, జింకులను, నేరేడు ఆకుల పొడితో సీసాన్ని తొలగించే ప్రయోగ ఫలితాలను 2006-07 ప్రాంతంలో ప్రచురించారు.

ఆకుల పొడిలోని సెల్యులోజ్, లిగ్నిన్ వంటి పదార్థాలకుండే కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ సమూహాలు లోహ అయాన్లను పట్టి ఉంచుతాయి. నీటిలో ఆమ్లత్వం ఎక్కువైతే హైడ్రోజన్ అయాన్లు ఆ స్థానాలకు పోటీపడి పట్టును తగ్గిస్తాయి. పొడిని ఆమ్లంతో కడిగి లోహాన్ని తిరిగి రాబట్టడానికి ఆధారం కూడా ఈ గుణమే.

ఒకే లోహమున్న ప్రయోగశాల ద్రావణంలో వచ్చిన ఫలితం, అనేక లోహాలు కలిసివుండే పరిశ్రమల మురుగునీటిలో అంతే స్థాయిలో రాదు. పచ్చి ఆకుల పొడి నుంచి రంగు, సేంద్రియ పదార్థాలు నీటిలోకి దిగుతాయి. లోహం నిండిన పొడిని ఎక్కడంటే అక్కడ పారవేయడం కుదరదు. అందువల్ల ముడిసరుకు ఉచితంగా దొరికినా, సేకరణ, ఎండబెట్టడం, పొడిచేయడం, వాడిన పొడిని వదిలించుకోవడం వంటి ఖర్చులన్నీ కలిపి లెక్కించిన తరువాతే ఏ అధిశోషకాన్నయినా చౌక అనాలి.

ఆకుల పొడితో చేసే ఈ అధిశోషణ పద్ధతికి పరిశ్రమల వ్యర్థజలాలే తగిన క్షేత్రం; తాగునీటి సంగతి వేరు. ఊటలు, గెడ్డలపై ఆధారపడే, తూర్పు కనుమలలోని సీలేరు పరిసరాల వంటి కొండ ప్రాంతాలలో వానాకాలపు మడ్డిని చిల్లగింజ తేర్చగలిగినా, రోగక్రిముల నివారణకు నీటిని మరిగించడమో క్లోరిన్ కలపడమో తప్పనిసరి.