కదలని పేగు: ఒక అరుదైన కండరవ్యాధి చరిత్ర

ఆదోని పత్తిమిల్లులలో పనిచేయువారికైనను, ఎమ్మిగనూరు మగ్గములపై బ్రతుకు నేతగాండ్రకైనను, కడుపుబ్బరమును వాంతులును మలబంధమును ఒక్కమారుగా కలిగినచో, వైద్యుని యనుమానము మొదట క్షయవలని పేగుమూతపైకి గాని, పూర్వశస్త్రచికిత్సలవలన నేర్పడిన యతుకులపైకి గాని, పిల్లలయందైన ఏలికపాముల ముద్దపైకి గాని పోవుట సహజము. మన దేశమున తఱచుగా కనవచ్చు హేతువు లవియే. కాని యే యడ్డంకియు లేకయే, పేగుగోడలోని నునుపుకండరము తనంతట తానే క్షీణించి, తిన్న యాహారమును ముందునకు నెట్టజాలని యరుదైన వ్యాధి యొకటి కలదు. దానిని నేటి వైద్యులు విసెరల్ మయోపతి యందురు. అడ్డంకినే వెదకిన వైద్యము కండరమును పరిశీలించుట నేర్చుకొనిన విధమే యీ వ్యాధి చరిత్ర.

సుశ్రుతుడు ఉదరరోగములు ఎనిమిదింటిలో బద్ధగుదోదరము నొకటిగా గణించి, అన్నముతో కలిసి లోనికిపోయిన వెండ్రుకలు, రాళ్లు మొదలగునవి దానికి కారణములని చెప్పి, ఉదరమును కోసి యడ్డంకిని తీయు విధానమును గూడ వివరించెను. పేగు మూసికొనినదన్న నేదో యడ్డుపడినదనియే భావించుట యంత ప్రాచీనము. 1886లో హిర్ష్‌స్ప్రుంగ్ అను డెన్మార్కు వైద్యుడు పెద్దపేగు మిక్కిలి యుబ్బిన శిశువులను గూర్చి బెర్లినులో వివరించెను. అది నాడీకణముల లోపమువలన కలుగునని పిమ్మట తేలినది. 1899లో బేలిస్, స్టార్లింగు అను నాంగ్లశాస్త్రజ్ఞులు, పేగు తాకిడికి పైభాగమున ముడుచుకొని క్రిందిభాగమున సడలుటచేతనే యాహారము ముందునకు సాగునని ప్రయోగములతో నిరూపించిరి. 1948లో ఓగిల్వీ, మూతపడిన లక్షణములన్నియు నుండియు మూత కానరాని రోగులను వర్ణించెను. 1958లో డడ్లీ ప్రభృతులు దీర్ఘకాలికమైన యిట్టి స్థితికి మిథ్యావరోధ మను నర్థము గల పేరును వాడిరి.

అటుపిమ్మట దృష్టి కండరముపైకి మరలినది. 1976లో బెర్డన్ ప్రభృతులు మూత్రాశయము విపరీతముగా పెరిగి, పెద్దపేగు సన్నబడి, పేగుకదలిక నశించిన శిశువులను వర్ణించిరి. 1977లో షఫ్లర్ ప్రభృతులు వంశపారంపర్యముగా వచ్చు కండరక్షయమును సూక్ష్మదర్శినితో పరీక్షించి చూపిరి. 2012లో ఫిన్లాండు పరిశోధకులు నునుపుకండరపు ఆక్టిను నేర్పఱచు ఏసీటీజీ2 జన్యువునందలి దోషము నొక కుటుంబమున కనుగొనిరి. ఈ దోషము తల్లిదండ్రులకు లేకయే శిశువునందు క్రొత్తగా నేర్పడుటయు కలదు. కనుక తల్లి తప్పుగా భావింపరాదు. కొన్ని యితర జన్యువుల విషయమున మాత్రము తల్లిదండ్రు లిరువురినుండియు దోషము సంక్రమించినప్పుడే వ్యాధి పొడసూపును. మేనరికపు పెండ్లిండ్లు వాడుకగా నున్న మన సీమకు ఇది ప్రత్యేకముగా గమనింపదగినది.

చికిత్సాచరిత్రయందు 1968 ముఖ్యమైన సంవత్సరము. నాడు అమెరికాలో డడ్రిక్ ప్రభృతులు రక్తనాళముద్వారా సంపూర్ణాహార మందించి శిశువును పెంపవచ్చునని నిరూపించిరి. పేగు పనిచేయనివారును జీవింపవచ్చునను నాశ దానితో కలిగినది. కదలికను పెంచుటకు వాడిన సిసాప్రైడు హృదయగతిని చెఱచుటచే 2000లో అమెరికాలో సాధారణ వాడుకనుండి తొలగింపబడెను. నేటి చికిత్స, కొంచెము కొంచెముగా పలుమార్లు ఆహారము నిచ్చుట, పేగులో మితిమీరిన సూక్ష్మజీవులను మందులతో తగ్గించుట, మత్తుకలిగిన నొప్పిమందులను వర్జించుట, మూత్రాశయమును గమనించుట, యవసరమైనచో నాళాహార మిచ్చుట యని చెప్పవచ్చును. పీచు హెచ్చుగా నున్న ఆహారము సాధారణారోగ్యమునకు మేలుచేసినను, కదలని పేగునకు భారము. జొన్నరొట్టె మాని పలుచని జావను త్రాగవలెనని వైద్యుడు చెప్పినచో బలహీనతకు దారియని సందేహింపరాదు. మిగుల విషమించిన రోగులకు పేగుమార్పిడియు కలదు.

ఆదోని ప్రాంతీయాసుపత్రినుండి 1956లో స్థాపింపబడిన కర్నూలు వైద్యకళాశాలకు, అచ్చటినుండి హైదరాబాదుకో వెల్లూరుకో పోవు బాట మన ప్రజలకు సుపరిచితమే. 2021నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానము హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ సంస్థలను నిపుణ కేంద్రముగా పేర్కొనినది. ఈ వ్యాధిలో ప్రయోజనములేని ప్రతి కోతయు క్రొత్త యతుకులకు తావిచ్చి, పేగును మఱింత దుర్బల మొనర్చును. కావున ఒక్కసారి ఉదరమును తెఱచినపుడు అడ్డంకి కానరానిచో, తిరిగి కోతకు సమ్మతింపకముందే పేగుకదలికల పరీక్షను, కండరపు పూర్తి మందపు ముక్క పరీక్షను, జన్యుపరీక్షను గూర్చి వైద్యుని అడుగుడు.