చీకటి గది నుంచి అయస్కాంతపు గదికి

వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రి ఉత్తర తెలంగాణ పేదలకు పెద్దాసుపత్రి. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలయ్యాక దానికి బోధనాసుపత్రి ఇదే. ఒంటిని కోయకుండా లోపలి సంగతి చూసే విద్య ఇలాంటి ఆసుపత్రుల్లో ఎలా మారుతూ వచ్చిందో చెప్పడానికి యంత్రాల కథ ఒక్కటే చాలదు. వాటిని నడిపే టెక్నీషియన్ పని ఎలా మారిందో కూడా చూడాలి.

మొదటి దశ ఎక్స్‌రేది. రంట్జన్ 1895 నవంబరు 8న కనిపెట్టిన ఆ కిరణాలు దాదాపు ఎనభై ఏళ్లు ఆసుపత్రులను ఏలాయి. ఫిల్మును క్యాసెట్‌లో బిగించి రోగిని పడుకోబెట్టేది రేడియోగ్రాఫర్. డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం వెలుతురున ఆ ఫిల్మును డెవలపర్‌లో ముంచి, కడిగి, ఫిక్సర్‌లో ఉంచి, ఆరబెట్టేది అసిస్టెంటు. డాక్టరు తొందరపడితే తడి ఫిల్మునే లైటుకు అడ్డంగా పెట్టి చూసేవారు. ఆ పనికి విడిగా డార్క్‌రూమ్ అసిస్టెంట్ డిప్లొమా కూడా ఉండేది. ఎముక విరిగిందా, ఊపిరితిత్తిలో మచ్చ ఉందా అన్నది ఎక్స్‌రే చెప్పేది. మెదడు గురించి, వెన్నుపాము గురించి, అరిగి జారిన డిస్కు గురించి అది దాదాపు ఏమీ చెప్పలేకపోయేది. వెన్నులోకి సూదితో మందు ఎక్కించి మైలోగ్రామ్ తీయడమే అప్పట్లో దారి, అది రోగికి నరకం. 1971లో ఇంగ్లండులో వచ్చిన సీటీ స్కాన్ ఆ బాధ కొంత తగ్గించింది.

ఎమ్మారై పుట్టుక వేరు. అది వైద్యశాలలో కాదు, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పుట్టింది. బలమైన అయస్కాంతంలో ఉంచిన పదార్థంలోని కొన్ని పరమాణు కేంద్రకాలు తగిన రేడియో తరంగం తగిలితే స్పందిస్తాయని 1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ విడివిడిగా చూపించారు. 1952లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ కథలో మనవాళ్లు తరచూ మరిచిపోయే ఘట్టం ఒకటుంది. 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్, పారుతున్న ద్రవంలో ఈ స్పందన ఎలా మారుతుందో కొలిచారు. నేడు మందు ఎక్కించకుండానే రక్తనాళాలను చూపే ఎమ్మార్ యాంజియోగ్రామ్ వెనుక ఉన్న సూత్రాల్లో అదొకటి. బ్లాక్, పర్సెల్ పేర్లు చెప్పే ప్రతి పాఠంలోనూ సూర్యన్ పేరు ఉండాలి.

స్పందన నుంచి బొమ్మ రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. గడ్డల కణజాలం మామూలు కణజాలం కన్నా వేరుగా స్పందిస్తుందని 1971లో డమేడియన్ ప్రకటించారు. అయస్కాంత బలాన్ని చోటును బట్టి మారుస్తూ బొమ్మ గీయవచ్చని 1973లో లాటర్‌బర్ చూపారు. ఆ బొమ్మను అతి వేగంగా తీసే గణితాన్ని మాన్స్‌ఫీల్డ్ సమకూర్చారు. 1977 జులై 3న డమేడియన్ బృందం తీసిన తొలి మనిషి స్కాన్‌కు సుమారు అయిదు గంటలు పట్టింది. 2003 నోబెల్ లాటర్‌బర్‌కూ మాన్స్‌ఫీల్డ్‌కూ దక్కింది. డమేడియన్‌కు దక్కకపోవడంపై వాదం ఇంకా తెగలేదు.

భారతదేశానికి ఎమ్మారై 1980ల నడుమ ఢిల్లీలోని రక్షణ పరిశోధన సంస్థ ఇన్మాస్ ద్వారా చేరింది. తెలుగునాట ఆ కాలానికి గుర్తుగా నిలిచిన పేరు కాకర్ల సుబ్బారావు (1925–2021). కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, ఎముకల, కీళ్ల రేడియాలజీలో అమెరికాలో పేరు తెచ్చుకున్నారు. అక్కడి తెలుగువారి సంఘం తానాకు తొలి అధ్యక్షుడాయనే. ఎన్.టి. రామారావు పిలుపుపై తిరిగివచ్చి హైదరాబాద్ నిమ్స్‌కు డైరెక్టరయ్యారు. తన పేరిట ఏర్పడిన ట్రస్టు ద్వారా రేడియాలజిస్టులకు పాఠాలు చెప్పించడం ఆయన చివరిదాకా సాగించారు. డాక్టర్ల చదువుకు ఇంతటి దన్ను దొరికింది. టెక్నీషియన్ల చదువుకు అలాంటిది దొరకలేదు.

ఎక్స్‌రే నేర్చినవారికే ఎమ్మారై అప్పగించారు. యంత్రం అమ్మిన కంపెనీ మనుషులు వచ్చి కొద్దిరోజులు బటన్లు చూపించి వెళ్లేవారు. కానీ రెండు పనులకూ పోలిక తక్కువ. ఎక్స్‌రే స్విచ్ తీస్తే ఆగుతుంది. ఎమ్మారై అయస్కాంతం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంతం కన్నా సుమారు 30 వేల రెట్లు బలమైనది. దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటాయి. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు ఆ అయస్కాంత క్షేత్రంలో బొంగరాల్లా ఊగుతాయి. సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు ఊగే రేడియో తరంగం తగలగానే అవి శక్తి తీసుకుని, తర్వాత వదులుతాయి. ఆ వదిలే తీరులోని తేడాలే బొమ్మగా మారతాయి. ఏ తేడాను పట్టాలో నిర్ణయించే సీక్వెన్స్ ఎంచడం, సరైన కాయిల్ బిగించడం, కోణాలు సరిచూడటం టెక్నీషియన్ పని. డిఫ్యూజన్ సీక్వెన్స్ తీస్తే, సీటీలో ఇంకా కనిపించని కొత్త పక్షవాతం తెల్లగా బయటపడుతుంది. అది తీయకపోతే రోగికి దక్కాల్సిన సమయం పోతుంది.

ప్రమాదం కూడా వేరే రకం. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన రోగి బంధువు ప్రాణం పోయింది. 2001లో అమెరికాలోనూ సిలిండర్ దూసుకొచ్చి ఒక బాలుడు చనిపోయాడు. తెలుగు ఇళ్లలో పుస్తెలతాడుకు గుచ్చిన ఇనుప పిన్నీసులు, తాయెత్తు రేకులు, వెండి మొలతాళ్లు, మెట్టెలు ఉంటాయి. ఇనుము లాగబడుతుంది, ఒంటి చుట్టూ తిరిగిన లోహం వేడెక్కి చర్మం కాలుస్తుంది. పుస్తెలు తీయమంటే జంకే ఆడవాళ్లకు నచ్చజెప్పడం, పాత ఆపరేషన్‌లో వేసిన క్లిప్పు గురించి కాగితం లేని రోగి నోట రాబట్టడం పుస్తకంలో దొరికే విద్య కాదు. ములుగు వైపు కోయలకు, మహబూబాబాద్ తండాల లంబాడీలకు వాళ్లకు తెలిసే మాటల్లో "కదలొద్దు, చప్పుడుకు భయపడొద్దు" అని చెప్పగలిగితేనే బొమ్మ చెదరకుండా వస్తుంది.

చదువులో మార్పు ఆలస్యంగా వచ్చింది. ఇంటర్ తర్వాత రెండేళ్ల మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా పారామెడికల్ బోర్డు కింద సాగింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక వరంగల్‌లోనే కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది, ఆపై ప్రభుత్వ కళాశాలల్లో అలైడ్ హెల్త్ బీఎస్సీ కోర్సులు మొదలయ్యాయి. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ చట్టం ఇమేజింగ్ టెక్నాలజీని గుర్తింపు ఉన్న వృత్తుల జాబితాలో చేర్చింది. ఎక్స్‌రే, సీటీలపై అణుశక్తి నియంత్రణ మండలి నిఘా ఉంది. ఎమ్మారైలో ఎక్స్‌రేలాంటి అయనీకరణ రేడియేషన్ లేదు కాబట్టి ఆ నిఘా దానికి వర్తించదు. అందుకే గదిలో కాపలా అంతా టెక్నీషియన్ శిక్షణ మీదే నిలుస్తుంది. అయస్కాంత భద్రతను డిప్లొమాలో విడి పేపరుగా, యంత్రం ముందు చేయించే ప్రాక్టికల్‌గా పెట్టాలి. ఆరోగ్య విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ, ఎన్ఐటీ ఒకే ఊళ్లో ఉన్న వరంగల్‌లో ఆ పని వెంటనే మొదలుపెట్టవచ్చు, మొదలుపెట్టాలి.