విషమాశనము

ఢిల్లీకి ఉత్తరమున, కింగ్స్‌వే క్యాంపునకు చేరువనున్న ముఖర్జీ నగరము నేడు పోటీపరీక్షలకు చదువు యువకులతో క్రిక్కిరిసియుండును. అచ్చటి యొక ఇరుకుమేడ మెట్లెక్కుచు, ఒక గది ముందు ఉదయమెప్పుడో దింపిపోయిన టిఫిన్ డబ్బా మధ్యాహ్నము మూడు గంటలు దాటినను అట్లే పడియుండుట చూచితిని. తలుపు తీసిన తెలుగు కుర్రవాడు మూతకంటిన చెమ్మను తుడిచి, బిరుసెక్కిన రొట్టెలను చల్లారిన పప్పులో నాననిచ్చి, పుస్తకము మీది చూపు మరల్పకయే తినెను. "పొద్దున టీ తాగానండీ, ఇదే మొదటి తిండి" అని యాతడు చెప్పినప్పుడు, చరకసంహితలోని యొక పదము నాకు స్ఫురించినది.

ఆ గ్రంథము నిదానస్థానమున రాజయక్ష్మకు, అనగా క్షయకు, నాలుగు హేతువులు చెప్పబడినవి: శక్తికి మించిన సాహసము, మలమూత్రాది వేగములను నిరోధించుట, ధాతుక్షయము, నాలుగవది విషమాశనము. వేళ తప్పి తినుట, ఒకనాడు మితిమీరియు మరునాడు చాలీచాలకయు తినుట, ఒకదానికొకటి పొసగని పదార్థములను తినుట, ఇవన్నియు ఆ యొక్క మాటలో ఇమిడినవి. 1882లో రాబర్ట్ కోక్ క్షయక్రిమిని కనుగొనిన పిదప ఈ హేతుచర్చ కొంత వెనుకబడిన మాట నిజమే. అయినను క్రిమి సోకిన వారందరును రోగులు కారు. పోషణ చాలని దేహమందే అది విజృంభించుట అధికము. ప్రాచీనులు క్రిమినెరుగకున్నను, అది నిలదొక్కుకొను నేలను గుర్తించిరని నా యభిప్రాయము.

ముఖర్జీ నగరమునకు ఈ వ్యాధితోడి సామీప్యము నేటిది కాదు. ఐదవ జార్జి రజతోత్సవము జరిగిన 1935లోనే కింగ్స్‌వే క్యాంపున క్షయరోగుల ఆసుపత్రి వెలసెను. 1947 పిమ్మట పశ్చిమ పంజాబునుండి సర్వస్వము కోల్పోయి వచ్చిన శరణార్థులు ఆ ప్రాంతమున గుడారములలో తలదాచుకొనిరి. సమీపముననే, ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 1949లో సర్దార్ పటేల్ శంకుస్థాపన చేసిన శ్వాసకోశవ్యాధుల సంస్థ 1953లో ప్రారంభమై ఆయన పేరనే నేటికిని నడచుచున్నది.

మన తెలుగునాట ఈ కథకు కేంద్రము మదనపల్లె. అచ్చటి ఆరోగ్యవరమున డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యమున 1915లో ఆరంభమైన శానిటోరియము దక్షిణదేశమంతటను ప్రసిద్ధి కెక్కెను. ఒకనిని మదనపల్లెకు పంపిరన్నచో, ఎందులకని ఎవరును అడుగనక్కరలేకుండెను. స్ట్రెప్టోమైసిన్ అను మందు రాకమునుపు శానిటోరియము చికిత్స యనగా విశ్రాంతి, స్వచ్ఛవాయువు, పుష్టికరాహారము, వీనికి తోడు కొందరికి శస్త్రచికిత్స. పాలు, గ్రుడ్లు నాడు మందులతో సమానముగా నెంచబడెను.

ఈ విశ్వాసమును 1956లో మద్రాసున ఆరంభమైన పరిశోధన కదలించెను. అచ్చటి నిరుపేద రోగులలో కొందరిని శానిటోరియమున, కొందరిని వారి యిండ్లయందే ఉంచి, ఉభయులకును ఒకే మందులిచ్చి ఒక సంవత్సరము పరిశీలించిరి. ఇంటనున్నవారి తిండి తక్కువ, విశ్రాంతియు తక్కువ. అయినను వారు కోలుకొనుటలో చెప్పదగిన వెనుకబాటు కానరాలేదు. 1959లో వెలువడిన ఆ ఫలితము లోకమంతట శానిటోరియముల మూతకు దారితీసెను. పేదవానికి అది వరమే. కాని దానినుండి, ఆహారముతో పనిలేదను భావము కూడ వ్యాపించెను, అది పొరపాటు. మద్రాసు పరిశోధన చెప్పినది వచ్చిన రోగము కుదురుటను గూర్చి, రాకుండుటను గూర్చి కాదు.

ఆ రెండవ ప్రశ్నకు సమాధానము 2023లో వచ్చినది. ఝార్ఖండున రోగుల కుటుంబములలోని పదివేలమందికి పైగా మనుష్యులను రెండు వర్గములుగా పరిశీలించి, ఒక వర్గమునకు నెలనెలా బియ్యము, పప్పు అదనముగా నిచ్చిరి. ఆ వర్గమున క్షయరోగము వచ్చుట దాదాపు నూటికి నలువది తగ్గెను. బియ్యము, పప్పు! మన యిండ్లలో మూలనుండు డబ్బాలలోనివే.

అందువలన ముఖర్జీ నగరమున బిడ్డలనుంచిన తల్లిదండ్రులు ఫోనులో మార్కులతోపాటు, ఏ వేళకు ఏమి తిన్నావని కూడ అడుగవలెను. దగ్గు రెండు వారములు దాటినచో గళ్ల పరీక్ష చేయించుకొమ్మని చెప్పవలెను. ప్రభుత్వాసుపత్రులలో ఆ పరీక్షకును, మందులకును రుసుము లేదు. 1935నాటి ఆ యాసుపత్రి వారి గదులకు ఎంతో దూరమున లేదు.