శిథిలాలకు ట్రాక్టరు మాట్లాడే ముందు

పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకోవాలన్నా, స్నానాల గదిలో గచ్చు తవ్వి కొత్త టైల్స్ పరిపించుకోవాలన్నా గృహస్థులు ముందుగా లెక్క వేసేది ఇటుక, సిమెంటు, ఇసుక, మేస్త్రి కూలి. కూల్చిన గోడల మట్టి, కాంక్రీటు పెళ్లలు, టైల్స్ ముక్కలు ఎవరు తీసుకుపోతారు, ఎక్కడికి తీసుకుపోతారన్న పద్దు అంచనా కాగితంలో ఉండదు. పనివాళ్లు గుమ్మం ముందు కుప్ప పోసిన రోజునగాని అది గుర్తుకు రాదు. అప్పటికి సగం వీధి మూసుకుపోతుంది, మురుగు కాల్వలోకి మట్టి జారుతుంది, ఇరుగుపొరుగుతో మాటామాటా పెరుగుతుంది. ఆ తొందరలో దారిన పోయే ట్రాక్టరును ఆపి, అడిగినంత ఇచ్చి పంపివేయడం పరిపాటి. లోడు గేటు దాటిన తర్వాత తమ పూచీ తీరినట్టేనని చాలామంది అనుకుంటారు. నిబంధనలు మాత్రం అలా చెప్పడం లేదు.

కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2016 మార్చి 29న భవన నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నిర్వహణ నియమావళిని ప్రకటించింది. వ్యర్థాలు ఎవరి పని వల్ల పుట్టాయో, వాటిని పోగుచేసి, రకాలుగా విడదీసి ఉంచే బాధ్యత వారిదేనని అది స్పష్టం చేసింది. రోడ్డుపై రాకపోకలకు గాని, కాల్వలకు గాని అడ్డు రాకుండా చూడాలి. స్థానిక సంస్థ చూపిన చోటికే చేర్చాలి. అందుకు నిర్ణయించిన రుసుము చెల్లించాలి. ఇది అపార్టుమెంట్లు కట్టే బిల్డర్లకే కాదు, ఒక గది పడగొట్టే సామాన్య గృహస్థుకూ వర్తిస్తుంది.

ఎన్ని లోడ్లు అవుతాయి?

బేరంలో మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. నిలబడి ఉన్న గోడ చూపుకు చిన్నది. పడగొట్టిన తర్వాత ముక్కల మధ్య ఖాళీలు ఏర్పడి అదే గోడ దాదాపు ఒకటిన్నర రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఉదాహరణకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం గల ఇటుక గోడను తీసుకుంటే అది 90 ఘనపుటడుగులు. బరువు ఇంచుమించు 5 టన్నులు. కూలిన తర్వాత ఆ కుప్ప 125 నుంచి 135 ఘనపుటడుగుల వరకు ఉంటుంది. ట్రాక్టరు ట్రక్కు లోపలి కొలత పొడవు 10, వెడల్పు 6, ఎత్తు ఒకటిన్నర అడుగులు అయితే అందులో పట్టేది 90 ఘనపుటడుగులే. అంటే ఒక్క గోడకే ఒకటిన్నర లోడు కావాలి. అన్ని ట్రక్కులూ ఒకే కొలతలో ఉండవు కనుక టేపు పెట్టి కొలుచుకోవడంలో మొహమాటం అక్కరలేదు. ఇసుక లోడు కొలిచి తీసుకునేవారు శిథిలాల లోడు కొలవకుండా పంపేయడం విచిత్రమే.

శ్లాబు మరింత బరువు. 5 అంగుళాల మందం గల కాంక్రీటు శ్లాబు ప్రతి 100 చదరపు అడుగులకు సుమారు 3 టన్నులు తూగుతుంది. చూడటానికి ట్రక్కు సగమే నిండినట్టున్నా బరువు పరిమితి దాటిపోవచ్చు. 8 అడుగులకు 5 అడుగుల స్నానాల గదిలో నేల టైల్స్, ఏడడుగుల ఎత్తు గోడ టైల్స్ వాటి కింది సిమెంటు పూతతో సహా తీస్తే ఒకటిన్నర టన్నుల వరకు వస్తుంది. దాన్ని పాత సిమెంటు సంచుల్లో నింపితే, ఒక మనిషి మోయగలిగేలా సంచికి 25 కిలోల చొప్పున 60 సంచులు కావాలి. మేడపై అంతస్తు అయితే ఈ సంచులు దింపడానికి అయ్యే కూలి ట్రాక్టరు కిరాయిని మించిపోవచ్చు. దించడం కష్టమని పైనుంచి విసిరివేయడం మాత్రం కూడదు.

పది టైర్ల టిప్పరు ఒక్క ట్రిప్పులో నాలుగైదు ట్రాక్టర్ల సరుకు తీసుకుపోతుంది. ఇల్లంతా కూల్చేటప్పుడు జేసీబీతో ఎత్తించి టిప్పరులో పోయడమే చౌక. అయితే జేసీబీకి గంటల లెక్కన కిరాయి కట్టాలి. టిప్పరు తిరిగి వచ్చేదాకా అది ఊరకే నిలబడినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. అందుకే కనీసం రెండు టిప్పర్లు ఉంటే తప్ప ఆ పద్ధతి కలిసిరాదు. వీధి 15 అడుగుల లోపు అయితే, పైన విద్యుత్తు తీగలు వేలాడుతుంటే ట్రాక్టరే గతి.

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాల వారు ఈ పనికి వేరే పద్ధతి ఎరుగుదురు. అక్కడ 10 నుంచి 40 ఘనగజాల ఇనుప తొట్టెను లారీపై తెచ్చి ఇంటి ఆవరణలో దించి పోతారు. నిండిన తర్వాత తొట్టెతో సహా ఎత్తుకుపోతారు. అద్దె రోజుల లెక్కన, పైగా బరువుకు పరిమితి. పరిమితి దాటితే టన్నుకింత అని అదనపు వసూలు. వీధిలో పెట్టాలంటే చాలా నగరాల్లో అనుమతి పత్రం తీసుకోవాలి. అన్నిటికన్నా చిన్నదైన 10 ఘనగజాల తొట్టె 270 ఘనపుటడుగులు, అంటే మన లెక్కలో మూడు ట్రాక్టర్లు. మన పట్టణాల్లో పురపాలక సంఘాల డంపర్ బిన్లు ఆ కోవకు చెందినవే అయినా అవి వీధి చెత్త కోసం పెట్టినవి. వాటిలో ఇటుక ముక్కలు పోస్తే ఎత్తే వాహనం దెబ్బతింటుంది, చెత్తలో కలిసిన ఇటుక తిరిగి దేనికీ పనికిరాదు.

బేరంలో తేల్చుకోవలసినవి

"లోడుకు ఇంత" అన్న మాటలో ఏమేమి కలిసి ఉన్నాయో ముందే అడగాలి. ఎత్తుబడి కూలీలు బండితో వస్తారా, ఇంటివారే పెట్టుకోవాలా? దించే చోటు ఎన్ని కిలోమీటర్లు? అక్కడ రుసుము ఉంటే ఎవరు కట్టాలి? లోడు నింపేదాకా బండి ఆగినందుకు వేరే అడుగుతారా? ఈ నాలుగూ తేలకుండా ఒప్పుకున్న బేరం సాయంత్రానికి తగవుగా మారుతుంది.

బండి కాగితాల సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వ్యవసాయ అవసరాలకని రిజిస్టరు చేయించిన ట్రాక్టర్లు కిరాయి తోలకానికి తిరగడం జిల్లాల్లో సర్వసాధారణం. దారిలో ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారానికి అడ్డం చెప్పేది ఈ కారణంతోనే. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషను ఉందా, బీమా నడుస్తున్నదా అని ఒక్క మాట అడగడం నష్టం కాదు. లోడుపై టార్పాలిన్ కప్పించాలి. లేకుంటే వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుల కళ్లలో దుమ్ము పడుతుంది.

కిరాయి అన్ని నెలల్లోనూ ఒక్కటిగా ఉండదు. కోస్తా జిల్లాల్లో దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్లు పొలాల్లోనే ఉంటాయి. దొరికిన ఒకటి రెండూ ఎక్కువ అడుగుతాయి. వర్షాకాలంలో తడిసిన మట్టి బరువెక్కుతుంది, ఖాళీ స్థలాల్లో బండ్లు దిగబడతాయి. కూల్చివేత వేసవిలో పెట్టుకోగలిగితే ఖర్చు తగ్గుతుంది.

ఎక్కడ పోస్తారు?

ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు "ఊరి చివర గుంట చూస్తాంలెండి" అని. ఆ గుంట చాలాసార్లు చెరువు శిఖమో, వాగు పోరంబోకో, పంట కాల్వ గట్టో అయి ఉంటుంది. వేసవిలో బీడులా కనిపించే ఆ పల్లమే వానకాలంలో వీధుల నీరు చేరుకునే దారి. అక్కడ రోజుకు నాలుగు లోడ్లు పడితే రెండేళ్లకు పల్లం మెట్ట అవుతుంది. నీరు వెనక్కి తన్ని, శిథిలాలు పంపిన కాలనీలలోకే చేరుతుంది. చెరువులు, కుంటలు, నీటి దారుల రక్షణకే 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాల్టా చట్టం తెచ్చారు. చట్టం ఉన్నా రాత్రి వేళ దించి పోయే బండిని పట్టుకోవడం సులభం కాదు. అందువల్ల బండి కదిలే ముందు యజమాని అడిగే ప్రశ్నకే ఎక్కువ విలువ.

మొదట అడగవలసిన చోటు పురపాలక కార్యాలయం. శిథిలాలు పోయడానికి స్థలం కేటాయించారా, రుసుము ఎంత అని పారిశుద్ధ్య లేదా ఇంజనీరింగు విభాగంలో చెప్పగలరు. హైదరాబాదులో 2020లో జీడిమెట్లలోను, తర్వాత ఫతుల్లాగూడలోను రోజుకు 500 టన్నుల సామర్థ్యం గల శుద్ధి కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అటువంటి కేంద్రాల్లో ముందుగా అయస్కాంతంతో ఇనుము లాగుతారు. పెళ్లలను పిండి చేసి, జల్లించి, కడిగి కంకరగా, ఇసుకగా వేరుచేస్తారు. వాటితో కాలిబాట ఇటుకలు, రోడ్డు అంచు రాళ్లు పోతపోస్తారు. దేశంలో ఈ తరహా తొలి కేంద్రం 2009లో ఢిల్లీలోని బురారీలో మొదలైంది. 2016లో సవరించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం, పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం వరకు, ఎం 25 వరకు గల ఇనుప కాంక్రీటులో 20 శాతం వరకు కలపవచ్చు.

జిల్లా పట్టణాల్లో తరచు అక్కరకు వచ్చేది మరొక దారి. పల్లపు ప్లాటు కొన్నవారు, ఇంటి పునాదిలో నేల ఎత్తు చేయించుకునేవారు శిథిలాలు కావాలని అడుగుతుంటారు. దగ్గరలో అలాంటివారు ఉంటే ఇద్దరికీ లాభం. కానీ ఆ లోడులో చెక్క ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, జిప్సం బోర్డులు, వైర్లు ఉండకూడదు. నేలలో చిక్కిన చెక్కకు చెదలు పట్టి మెల్లగా పై ఇంటి ద్వారబంధాల వరకు పాకుతాయి. పెద్ద పెళ్లలు పగలగొట్టి, 6 నుంచి 9 అంగుళాల పొరలుగా పరచి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టాలి. ఒక్కసారిగా కుమ్మరించి పైన గచ్చు వేస్తే ఏడాది తిరిగేసరికి నేల కుంగుతుంది.

డబ్బులొచ్చే సామాను

పాత ఇంటి శిథిలాలన్నీ పారబోసేవి కావు. టేకు దూలాలు, ద్వారబంధాలు, కిటికీ చువ్వలు, కడప బండలు, షాబాద్ బండలు, పగలని పెంకులు పాత సామాను దుకాణాల్లో మంచి ధర పలుకుతాయి. సున్నం అడుసుతో కట్టిన గోడల ఇటుకలు చాలావరకు ముక్కలు కాకుండా ఊడి వస్తాయి. సిమెంటుతో కట్టినవి మాత్రం విరుగుతాయి. కూల్చే గుత్తేదారు సామాను తనకు వదిలేస్తే కూలి తగ్గిస్తానంటాడు, ఒక్కోసారి ఎదురు డబ్బు కూడా ఇస్తాడు. ఒప్పుకునే ముందు దూలాలు, తలుపులు లెక్కబెట్టి పాత సామాను వ్యాపారితో ధర కట్టించుకోవడం మేలు. శ్లాబులోని చువ్వలు విడదీస్తే లోడు బరువు కూడా తగ్గుతుంది.

ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులను మాత్రం ముక్కలు చేయనీయరాదు. విరిగినప్పుడు లేచే సన్నని నార ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత ప్రాణాంతక వ్యాధులు తెస్తుంది. రేకులను తడిపి, బోల్టులు విప్పి, చెక్కు చెదరకుండా దించి, మిగతా శిథిలాలతో కలపకుండా ఉంచి, పురపాలక అధికారులను అడిగి పంపాలి. కాంక్రీటు కొట్టే చోట నీళ్లు చల్లకపోతే లేచే ధూళి కూడా కూలీలకు హాని చేస్తుంది. ముక్కుకు కట్టుకున్న తువాలు ఆ ధూళిని ఆపదు. తగిన మాస్కు ఇవ్వాలి.

రోజుకు 20 టన్నులు, లేదా ఒక పనిలో నెలకు 300 టన్నులు మించి వ్యర్థాలు వచ్చే పనులకు 2016 నియమావళి మరింత కఠినం. కాంక్రీటు, మట్టి, ఇనుము, చెక్క, ప్లాస్టిక్, ఇటుకలను విడివిడిగా ఉంచడమే కాక పని మొదలుపెట్టక ముందే స్థానిక సంస్థ నుంచి నిర్వహణ ప్రణాళికకు ఆమోదం పొందాలని అది నిర్దేశించింది. దాని స్థానంలో 2025లో ప్రకటించిన కొత్త నియమావళికి 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించారు. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలు చేపట్టేవారిపై పునర్వినియోగ బాధ్యతను అది నేరుగా మోపింది.

లోడు ఎత్తేదాకా కుప్ప వీధిలో ఉండక తప్పకపోతే కాల్వ మూతలు, మ్యాన్‌హోళ్లు కప్పకుండా పోయించాలి. రాత్రి చీకట్లో ద్విచక్ర వాహనాలు దానిపైకి ఎక్కకుండా మెరిసే పట్టీ గాని, ఎర్ర దీపం గాని పెట్టాలి. చివరి లోడు డబ్బు వెంటనే ఇవ్వకుండా వీధి ఊడిపించి, కాల్వలో జారిన మట్టి తీయించిన తర్వాతే ఇవ్వడం వాడుకలో ఉన్న మంచి పద్ధతి. చూరు, తలుపుల మేకులు మట్టిలో కలిసి వీధిలోనే ఉండిపోతాయి. తాడుకు అయస్కాంతం కట్టి ఆ జాగాలో రెండు మూడుసార్లు ఈడిస్తే అవి అంటుకుని వస్తాయి.