పట్టేసిన నరం: వెనకటి కథ, నేటి వైద్యం

భివండీ, కాశేలి ప్రాంతంలో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. 12 గంటలు నిలబడి, తెగిన పోగులు ముడివేస్తూ, కండెలు మారుస్తూ ఉంటే కొందరికి అరచెయ్యి తిమ్మిరెక్కుతుంది. కొందరికి తుంటి నుంచి పాదం దాకా సలుపు దిగుతుంది. నరం పట్టేసిందంటాం. పనిలో ఇది మామూలేనని ఊరుకుంటాం. అలా ఊరుకోవచ్చునా?

ఈ నొప్పి కొత్తది కాదు. పిరుదు దగ్గర మొదలై తొడ, మోకాలు, పిక్కల మీదుగా పాదానికి దిగే బాధను చరక సంహిత గృధ్రసి అన్నది. దానికి కారణం వాతమని చెప్పింది. 1764లో ఇటలీ వైద్యుడు కొతున్యో, కీలు నొప్పి వేరు, నరం నొప్పి వేరు అని వివరించాడు. నరం ఎందుకు నొస్తుందో తేలడానికి మరో 170 ఏళ్లు పట్టింది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ల పక్కకు జరిగి నరాన్ని నొక్కుతుందని, దాన్ని తీసేస్తే నొప్పి తగ్గుతుందని 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే వైద్యులు చూపించారు.

చేతి సంగతీ ఇంతే. మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోవడాన్ని 1854లో ఇంగ్లండులో పేజెట్ వర్ణించాడు. ఆ నరాన్ని నొక్కే పట్టీని కోసి ఉపశమనం కలిగించిన శస్త్రచికిత్సను లియర్‌మంత్ 1933లో ప్రకటించాడు.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. చాలామందిలో ఇది తలరాత కాదు, ఒత్తిడి. ఒత్తిడిని త్వరగా తొలగిస్తే నరం కోలుకుంటుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే బొటనవేలి మొదట్లో కండ కరుగుతుంది. తర్వాత ఆపరేషన్ చేసినా పోయిన పట్టు పూర్తిగా రాకపోవచ్చు. పోగు వేళ్లకు తెలియకపోతే మగ్గం నడిచేదెలా?

బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్ర లేపుతుంటే డాక్టరుకు చూపించండి. మొదట్లో రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది. మధుమేహం, థైరాయిడ్ ఉన్నాయేమో కూడా చూస్తారు. కాలికి దిగే నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. మంచానికే అంటుకుపోకుండా మెల్లగా తిరగాలి. స్పర్శ లేనిచోట వేడి కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

భివండీలో ఇందిరా గాంధీ స్మారక ఆసుపత్రి ఉంది. కాశేలి వంతెన దాటితే ఠాణా. భాష రాదని వెనుకాడకండి. చీమలు పాకినట్టుందని మనమంటే, మరాఠీవారు "ముంగ్యా యేతాత్" అంటారు. అక్కడా చీమలే!

ఇంకొక మాట. రోగి ఏ పని చేస్తాడో అడిగి తెలుసుకోవాలని 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జిని తోటి వైద్యులకు చెప్పాడు. డాక్టరు అడగకపోయినా, మగ్గం పని చేస్తున్నామని మీరే చెప్పండి. వైద్యం సగం అక్కడే మొదలవుతుంది.