చదివిన పేపరు పారెయ్యని ఊరు

వేటపాలెం అనగానే బయటివాళ్లకి జీడిపప్పు గుర్తొస్తుంది. కాస్త పెద్దవాళ్లకైతే మగ్గాలు గుర్తొస్తాయి. మా సారస్వత నికేతనం లైబ్రరీ గురించి విన్నవాళ్లు మాత్రం ముందు గాంధీగారి కర్ర గురించే అడుగుతారు. 1929లో ఆయన ఇక్కడ లైబ్రరీ కొత్త భవనం శంకుస్థాపనకి వచ్చినప్పుడు చేతికర్ర విరిగింది. దాన్ని లైబ్రరీవాళ్లు దాచారు. ఇంటికొచ్చిన చుట్టాలని మేమూ అది చూపించడానికే తీసుకెళ్తాం. నన్నడిగితే, ముందు చూపించాల్సింది పాత పత్రికల బైండు పుస్తకాలు. కర్రని దాచడం ఎవరైనా చేస్తారు. చదివేసిన పేపరుని పొట్లాలకి పోనివ్వకుండా ఏళ్లతరబడి దాచడానికే ఓపిక కావాలి.

ఈ ఓపిక ఎక్కడిదంటే గ్రంథాలయోద్యమం దగ్గరికి వెళ్లాలి. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్లు ఊరూరా లైబ్రరీ పెట్టండని తిరిగారు. మా ఊళ్లో 1918 అక్టోబరు 15న వి.వి. శ్రేష్ఠిగారి చొరవతో హిందూ యువజన సంఘం పుట్టింది. అదే తర్వాత సారస్వత నికేతనం అయింది. 1924లో జమ్నాలాల్ బజాజ్ వచ్చి భవనం ప్రారంభించారు. ప్రకాశం పంతులుగారు, రాజేంద్రప్రసాద్‌గారు వచ్చిన కథలు మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. మద్రాసు రాష్ట్రంలో గ్రంథాలయ చట్టం వచ్చింది 1948లో. ఇంటిపన్నుతో పాటు సెస్సు వసూలు చేసి లైబ్రరీలు నడపడం ఆ చట్టంతో మొదలైంది. అంటే మావాళ్లు అంతకు ముప్పై ఏళ్ల ముందే సొంత చందాలతో మొదలుపెట్టారు. అప్పుడే ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, తర్వాత భారతి సంచికలు దాచారు.

ఆ బైండు బల్ల మీద విప్పితే సగం బల్ల దానికే సరిపోతుంది. న్యూస్‌ప్రింటు చవక కాగితం. కలపగుజ్జులో ఉండే ఆమ్లం కాలం గడిచేకొద్దీ దాన్ని లోపల్నించే తినేస్తుంది. ముందు పసుపు, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత అంచులు అప్పడంలా పెళుసు. పేజీని మూల పట్టుకుని తిప్పితే మూల చేతికొచ్చేస్తుంది. కింద అరచెయ్యి పెట్టి ఎత్తి తిప్పాలి. కుట్టు పక్కనున్న వరసలో చివరి అక్షరాలు మడతలోకి పోయి ఉంటాయి, వాటిని ఊహించుకోవాల్సిందే. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమకి లోటు లేదు. చెద సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక వెతకడం. పుస్తకానికి పేరుంటుంది, రాసినవాళ్లుంటారు, వర్గీకరణ నంబరు వేసి అరలో పెట్టొచ్చు. పేపరుకి తేదీ ఒక్కటే తాళంచెవి. వచ్చేవాళ్ల దగ్గర ఉండనిది అదే. మా వీధిలో ఒకావిడకి పుట్టిన తేదీ కావాల్సి వచ్చింది, ఏవో కాగితాలకి. అప్పట్లో మా పల్లెల్లో పురుడు ఇంట్లోనే. పంచాయతీలో రాయించినవాళ్లు తక్కువ. వాళ్లమ్మ చెప్పింది ఇంతే: "ప్లవంగలో, దసరా వెళ్లాక వచ్చిన లక్ష్మివారం." ప్లవంగ నామ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది. ఆవిడ వయసుని బట్టి అది 1967 ఏప్రిల్ నుంచి 1968 మార్చి దాకా నడిచినది. ఆ అక్టోబరు పేపర్లు తీస్తే దసరా ఏ రోజో తెలిసిపోయింది, అక్కణ్ణుంచి గురువారం లెక్కపెట్టడమే. సర్కారు ఆ లెక్క ఒప్పుకుంటుందా లేదా అన్నది వేరే గొడవ. కానీ ఇంట్లో ఆడవాళ్ల జ్ఞాపకానికీ ఆఫీసు తేదీకీ మధ్య వంతెన ఆ బైండు పుస్తకమే.

పరిశోధనకి వచ్చే పిల్లలు ఎక్కువగా చీరాల–పేరాల ఉద్యమం అడుగుతారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద, మునిసిపాలిటీ పన్ను కట్టం అని జనం ఇళ్లొదిలి రామనగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. పక్కూరి కథ కాబట్టి మాకూ అది ఇంటి కథే. ఆ పిల్లలు ఉపన్యాసాల వార్తలు రాసుకుని వెళ్లిపోతారు. ప్రకటనలు చూడరు, నాకు అదే బాధ. ఆంధ్రపత్రిక నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావుగారే అమృతాంజనం యజమాని. తలనొప్పి మందు అమ్మిన డబ్బే పత్రికని నిలబెట్టింది. ఆ మందు ప్రకటన పక్కన నూలు ధరో, పుస్తకాల జాబితానో కనిపిస్తే, ఆ రోజు చదివేవాళ్లు ఎవరో, ఏం కొనేవాళ్లో అర్థమవుతుంది. సంపాదకీయం చెప్పనిది అక్కడ ఉంటుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. గుంటమగ్గంలో కూర్చున్నవాళ్ల పేర్లు మాత్రం ప్రకటనల్లోనూ దొరకవు, వార్తల్లోనూ దొరకవు.

ఇప్పుడు అందరూ స్కాన్ చేయిస్తే సరిపోతుందంటారు. చేయించాల్సిందే. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత పత్రికల్ని ఇంటర్నెట్‌లో పెట్టాక ఎంతమందికి దారి ఖర్చులు తప్పాయో! కానీ స్కాను అంటే పేజీ బొమ్మే. పాత అచ్చు అక్షరాల్ని, అందులోనూ కింది ఒత్తుల్ని, కంప్యూటరు సరిగ్గా చదవలేకపోతోంది. చదివినా, "విజయవాడ" అని వెతికేవాడికి "బెజవాడ" వార్త తగలదు. చెన్నపట్నానికీ చెన్నైకీ అదే తంటా. పాత పేరునీ కొత్త పేరునీ ఒకే చోట కలిపి, ఊళ్లవారీగా, మనుషులవారీగా సూచిక రాయాలి. దానికి మిషను కంటే ముందు ఈ ప్రాంతం తెలిసిన మనిషి కావాలి. కాలేజీ సెలవుల్లో పిల్లలు ఒక్కో నెల బైండు తీసుకుని, మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఎక్కడెక్కడ వచ్చాయో నోటుబుక్కులో తేదీతో రాసుకుపోతే చాలు. చీరాల, జాండ్రపేట, చినగంజాం, వేటపాలెం, ఈ నాలుగుతో మొదలుపెట్టొచ్చు. కరెంటు పోయినా ఆగే పని కాదు, ఒకరు పేజీ తిప్పుతూ చదువుతుంటే ఇంకొకరు రాసుకుంటారు.