ముట్టింది సరే, అచ్చయిందా?

పూర్వం పిల్లను అత్తవారింటికి బండెక్కించి వచ్చిన తల్లికి, "క్షేమంగా చేరాను" అన్న కార్డు ముక్క వచ్చేదాకా కంటిమీద కునుకుండేది కాదు. ఇప్పుడు ఫోను మోగేదాకా ఉండదు. కంప్యూటరుకి మాత్రం ఈ బెంగ లేదండీ! జీతాల పట్టీలు, సరుకుల బిల్లులు ఎక్కడో దూరాన ఉన్న ప్రింటరుకి పంపేసి చేతులు దులిపేసుకుంటుంది. ఈ పద్ధతి ఎలా వచ్చిందో, దానివల్ల వచ్చిన చిక్కేమిటో కాస్త చూద్దాం.

మొదట్లో ప్రింటరు, కంప్యూటరు ఒకే గదిలో కాపరం చేసేవి. 1959లో ఐబీఎం వారు 1401 కంప్యూటరుతో పాటు 1403 అనే ప్రింటరును తెచ్చారు. నిమిషానికి 600 లైన్లు అచ్చువేసేది. అయినా కంప్యూటరు వేగం ముందు అది నత్తనడకే. లక్షల ఖరీదు చేసే యంత్రం ప్రింటరు కోసం కాచుకు కూర్చుంటే ఎలా? అందుకని అచ్చు కావలసినవన్నీ డిస్కు మీద వరుసగా దాచి, ఒకదాని తర్వాత ఒకటి ప్రింటరుకి అందించే ఏర్పాటు చేశారు. దాన్నే స్పూలింగు అన్నారు. రేషను షాపు ముందు కిరసనాయిలు డబ్బా క్యూలో పెట్టి, ఇంటికొచ్చి పొయ్యిమీద అన్నం దించుకువెళ్ళిన రోజులు గుర్తున్నాయా? అదే ఉపాయం!

1988 జూన్ 21న ఐబీఎం వారు ఏఎస్/400 అనే కంప్యూటరును ప్రకటించారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రోచెస్టరు దీని పుట్టిల్లు. పెద్ద సంస్థల మహాయంత్రాలకూ, బల్లమీది చిన్న కంప్యూటరుకూ ఇది నడిమిది. మనలాగే మధ్యతరగతిదన్నమాట! దీనికి ప్రింటర్లను ట్వినాక్స్ అనే కేబులుతో కలిపేవారు. ఆ కేబులు 5000 అడుగుల దాకా పోతుంది. ఒక్కోదాని మీద ఏడు యంత్రాలకే చోటు. గోడౌను మరో ఊళ్ళో ఉంటే ప్రత్యేకమైన కంట్రోలరు పెట్టెలు, అద్దె టెలిఫోను లైన్లు కావలసివచ్చేవి. ఖర్చు తడిసి మోపెడయ్యేది.

ఇంతలో మరోచోట తేలిక దారి పడింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బర్క్‌లీ యూనిక్స్‌లో, ఒక కంప్యూటరు ఇంకోదానికి నెట్‌వర్కు మీద అచ్చుపని అప్పగించే పద్ధతి ఉండేది. దాని నియమాలను 1990 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 1179 పేరుతో కాగితం మీద పెట్టారు. ఏఎస్/400 కూడా ఆ దారే పట్టింది.

ఏర్పాటు చూడబోతే సులువే. రిమోట్ ఔట్‌పుట్ క్యూ ఒకటి సృష్టించి, అవతలి ప్రింటరు నెట్‌వర్కు చిరునామా, అక్కడి క్యూ పేరు, ప్రింటరు రకం చెప్పాలి. చిరునామా సరిగా ఉన్నా క్యూ పేరు తప్పితే, వీధి దొరికి ఇల్లు దొరకని చుట్టం పాట్లే. చిన్న అక్షరానికి బదులు పెద్ద అక్షరం పడినా గుమ్మం తొక్కనివ్వని ప్రింటర్లున్నాయి!

ఆపైన భాష గొడవ. ఏఎస్/400 మాట్లాడేది ఎబ్సిడిక్. అందులో ఇంగ్లీషు పెద్ద 'ఏ' అక్షరం అంకె 193. బయటి ప్రింటర్లకు తెలిసిన ఆస్కీలో అదే అక్షరం 65. మధ్యలో దుబాసీ లేకపోతే కాగితం నిండా పిచ్చిగీతలే. అందుకని హోస్ట్ ప్రింట్ ట్రాన్స్‌ఫారం అనే అనువాదకుణ్ణి ఏఎస్/400 లోపలే కూర్చోబెట్టారు.

ఇంతా చేశాక అసలు చిక్కు మిగిలింది. కేబులుతో కట్టేసిన పాత ప్రింటరులో కాగితం అయిపోతే వెంటనే తెరమీద కబురు వచ్చేది. ఫలానా పేజీ నుంచి మళ్ళీ వెయ్యమంటే వేసేది. కొత్త పద్ధతిలో అవతలివాడు ఫైలు అందుకుని, జవాబుగా ఒక్క సున్నా పంపుతాడు. 'ముట్టింది' అని దాని అర్థం. 'అచ్చయింది' అని కాదు సుమండీ! ఆ సున్నా రాగానే ఇవతలి క్యూలోంచి ఫైలు చెరిగిపోతుంది, అట్టేపెట్టమని ముందే చెప్పకపోతే. అవతల కాగితం ఇరుక్కున్నా ఇవతల తెలియదు. పోనీ పంపడం సగంలో ఆగితే మొదటినుంచీ మళ్ళీ పంపుతుంది. అవి జీతాల చెక్కులైతే? ఒకే చెక్కు రెండుసార్లు వచ్చినా ముప్పే, ఒక్కసారీ రాకపోయినా ఎవరింట్లోనో ఒకటో తారీఖు గడవదు.

తర్వాత ప్రింటరుతో ఎదురు మాట్లాడి, ఎన్ని పేజీలయ్యాయో కనుక్కునే పీజేఎల్, ఎస్ఎన్ఎంపీ పద్ధతులు వచ్చి ఈ లోటు చాలావరకు తీర్చాయి. ఏఎస్/400 కూడా పేర్లు మార్చుకుంటూ 2000లో ఐసిరీస్ అయింది. 2008 నుంచి దాన్ని నడిపించే వ్యవస్థకు ఐబీఎం ఐ అని పేరు. రిమోట్ క్యూ మాత్రం అందులో ఇంకా ఉంది.

దూరం తగ్గించిన యంత్రం ప్రింటరు పక్కన నిలబడే మనిషిని తప్పించింది. ఆ మనిషి చూసే చూపుని మాత్రం తేలేకపోయింది. అందుకే తెలిసిన గుమాస్తా ముట్టిందన్న మాటతో తృప్తిపడక, ఆ ఊరికి ఫోను చేసి, "చెక్కులు చేతికొచ్చాయా? లెక్క సరిపోయిందా?" అని అడిగేవారు. పిల్లనంపిన తల్లి బెంగ లాంటిదే ఇదీనూ. దాన్ని చాదస్తమని ఎలా అంటాం?